ఊ కొట్టే మనిషి

మా పాప మా ఇంటికొచ్చిన మొదటి రాత్రి ఏడవలేదు. 19 నెలల పిల్ల, కొత్త ఇల్లు, కొత్త పక్క, ముక్కూమొహం తెలియని ఇద్దరు మనుషులు. రాత్రంతా ఏడుస్తుంది, మీకు నిద్ర ఉండదు అని అందరూ ముందే చెప్పారు కాబట్టి మేమూ సిద్ధపడే ఉన్నాం. రెండింటప్పుడు మెలకువ వచ్చి చూస్తే పాప మేలుకునే ఉంది. వెల్లకిలా పడుకుని పైకప్పుకేసి చూస్తోంది. ఒక చెయ్యి మొహానికి దగ్గరగా పెట్టుకుని, వేళ్లు మెల్లగా ఆడించుకుంటూ వాటినే చూసుకుంటోంది. పక్క తడిసిపోయింది, ఎప్పుడు తడిసిందో ఏమో, బట్టలు చల్లబడిపోయి ఉన్నాయి. అయినా చిన్న మూలుగు కూడా లేదు. నేను వంగి పిలిచినా తల ఇటు తిప్పలేదు.

మర్నాడు ఫోన్ చేసిన వాళ్లందరికీ "బంగారుకొండ, అస్సలు పేచీ పెట్టలేదు" అని సంబరంగా చెప్పాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు కడుపులో దేవినట్టుంటుంది. ఏడిస్తే ఎవరో ఒకరు వస్తారన్న ధైర్యంతోనే బిడ్డ ఏడుస్తుంది. ఎన్నిసార్లు ఏడ్చినా ఎవరూ రాకపోతే ఆ పని మానేస్తుంది. మా పాప మానేసి ఎంత కాలమైందో నాకు తెలియదు.

దత్తతకి ముందు ఆ పిల్లని చూసుకున్న ఆశ్రమంలో తిండికి, మందులకి, శుభ్రతకి ఏ లోటూ చేయలేదు. ఉన్నది ఇద్దరు ఆయాలు, పిల్లలు ఇరవై మందికి పైగా. ఒకరికి పాలు పట్టి, ఒకరికి బట్టలు మార్చి, ఇంకొకరిని పడుకోబెట్టేసరికే షిఫ్ట్ అయిపోతుంది, ఇక ఒళ్లో కూర్చోబెట్టుకుని కబుర్లు చెప్పేదెప్పుడు? వాళ్లని నేను ఒక్క మాట కూడా అనను.

ఇదంతా ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, ఈ మధ్య తెలిసినవాళ్లు ఒకరు దత్తత కోసం అప్లై చేసి మా ఇంటికొచ్చారు. మాటల్లో "పసిపిల్లలకి అప్పటివన్నీ ఏం గుర్తుంటాయి లెండి" అన్నారు. ఎనిమిదేళ్ల కింద నేనూ అచ్చం అదే అనుకున్నాను. గుర్తుండవు, నిజమే. కానీ గుర్తుపెట్టుకోవాల్సిన మెదడే ఆ రోజుల్లో కట్టుకుంటూ ఉంటుంది కదా.

పుట్టినప్పటి నుంచి మొదటి ఏడాది పూర్తయ్యేసరికి మెదడు పరిమాణం దాదాపు రెట్టింపవుతుంది. రెండేళ్లు దాటేసరికి పెద్దవాళ్ల మెదడులో సుమారు 80 శాతానికి వచ్చేస్తుంది. నాడీకణాల మధ్య అతుకులు, అంటే సినాప్స్‌లు, అవసరానికి మించి పుట్టుకొచ్చి, వాడినవి గట్టిపడి, వాడనివి రాలిపోతాయి. ఏవి వాడాలో, ఏవి వదిలేయాలో మెదడుకి ముందే తెలియదు, బయటినుంచి వచ్చేదాన్ని బట్టి తేల్చుకుంటుంది. పిల్లి పిల్లకు చూపు ఏర్పడే ఆ కొద్ది వారాల్లో ఒక కన్ను మూసి ఉంచితే, తర్వాత తెరిచినా ఆ కంటితో సరిగా చూడలేదని హ్యూబెల్, వీజెల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు చూపించారు, 1981లో వాళ్లకి నోబెల్ వచ్చింది. కన్నులో ఏ లోపమూ లేదు. వెలుతురు రావాల్సిన సమయంలో రాలేదు, అంతే.

చూపుకి వెలుతురు ఎలాగో, మనుషులతో బతకడం నేర్చుకునే మెదడుకి బదులు పలికే మనిషి అలాగ. మనకి దీనికి చక్కని మాట ఉంది, ఊ కొట్టడం. కథ చెప్పేవాడికి ఊ కొట్టేవాళ్లుండాలి, లేకపోతే కథ ఆగిపోతుంది. నెలల పిల్ల "ఉంగా" అంటే అమ్మ కూడా "ఉంగా" అంటుంది, పిల్ల కాళ్లు కొట్టుకుంటుంది, అమ్మ నవ్వుతుంది, పిల్ల ఇంకోటేదో అంటుంది. చూడ్డానికి అది పొద్దుపోని ఆటలా ఉంటుంది గానీ నేను చెయ్యి చాపితే అటునుంచి ఒక చెయ్యి వస్తుంది అనే లెక్క మెదడులో పడేది అక్కడే.

1970లలో ఎడ్వర్డ్ ట్రోనిక్ అనే మనస్తత్వవేత్త ఒక ప్రయోగం చేశాడు. తల్లి బిడ్డతో మామూలుగా ఆడుతూ ఆడుతూ ఉన్నట్టుండి మొహంలో ఏ భావమూ లేకుండా బిడ్డ వైపే చూస్తూ ఉండిపోవాలి. రెండు మూడు నిమిషాలే. బిడ్డ ముందు నవ్వి చూస్తుంది, చేతులు చాపుతుంది, అరుస్తుంది, ఏదీ పనిచేయకపోతే మొహం పక్కకి తిప్పేసుకుని కుదించుకుపోతుంది. ఆ వీడియో ఉంది, దొరికితే చూడండి. నేను మొదటిసారి సగంలో ఆపేశాను. రెండు నిమిషాలకే అలా ఉంటే 19 నెలలు అనుకున్నాను.

ఇది చదివి తల్లులెవరూ భయపడొద్దు. అదే ట్రోనిక్ చెప్పిన ఇంకో సంగతి, మామూలు ఇళ్లలో కూడా తల్లీబిడ్డల తాళం కుదిరేది సుమారు 30 శాతం సమయమే. మిగతాదంతా తప్పుతూ, మళ్లీ కుదుర్చుకుంటూ ఉండడమే. స్నానం చేస్తుంటే బిడ్డ నాలుగు నిమిషాలు ఏడ్చిందని మెదడుకేం కాదు. నేను మాట్లాడుతున్నది నెలల తరబడి ఎవరూ రాకపోవడం గురించి.

ఎవరూ రాకపోతే ఏమవుతుందో లోకానికి మొదట లెక్కలతో చెప్పినవాళ్లలో రెనే స్పిట్జ్ అనే డాక్టర్ ఒకరు. 1945లో ఆయన రెండు చోట్ల పెరుగుతున్న పసిపిల్లల్ని పోల్చాడు. ఒకటి జైలు, అక్కడ ఖైదీ తల్లులే తమ పిల్లల్ని పెంచుకుంటున్నారు. రెండోది అనాథ శిశువుల ఆశ్రమం, అక్కడ మంచి తిండి, డాక్టర్లు, అంటురోగాలు సోకకుండా జాగ్రత్తలు, అన్నీ ఉన్నాయి. ఊయల మంచాల చుట్టూ దుప్పట్లు వేలాడదీసేవాళ్లు, పిల్లకి పైకప్పు తప్ప ఇంకేమీ కనిపించేది కాదు. ఆ ఆశ్రమంలో 91 మందిలో 34 మంది రెండేళ్లలోపే చనిపోయారు. జైల్లో ఒక్క బిడ్డ కూడా పోలేదు. పైకప్పు అన్న మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను.

అమెరికాలోని విస్కాన్సిన్‌లో హారీ హార్లో అనే సైకాలజిస్ట్ కోతిపిల్లల మీద చేసిన ప్రయోగాల గురించి చాలామందికి తెలుసు, తల్లికి బదులు రెండు బొమ్మలు పెడితే, తీగల బొమ్మ దగ్గర పాలున్నా పిల్లలు గుడ్డ బొమ్మనే కరుచుకుని ఉండడం. అదే ల్యాబ్‌లో పుట్టగానే ఒంటరిగా గదిలో పెట్టిన పిల్లల సంగతి ఎక్కువమంది చెప్పరు. మూడు నెలలుంచినవి బయటికొచ్చి కొద్దికాలానికి తేరుకున్నాయి. ఆరు నెలలుంచినవి తోటి కోతుల్ని చూస్తే మూల చేరి తమని తామే పట్టుకుని ఊగుతూ ఉండేవి. ఆ పని చేసి ఉండాల్సింది కాదని నా అభిప్రాయం. ఆరు నెలల వాటికి ఇక ఆశ లేదనే చాలాకాలం అనుకున్నారు, కానీ 1972లో హార్లో, స్టీఫెన్ సుయోమి కలిసి ఇంకోటి చూపించారు. వాటితో ఈడు కోతుల్ని కాకుండా మూడు నెలల పసికూనల్ని కలిపారు. ఆ చిన్నవి కొట్టవు, బెదిరించవు, వచ్చి అతుక్కుంటాయి. మూల కూర్చున్నదాని దగ్గరికి మళ్లీ మళ్లీ వెళ్లి అతుక్కున్నాయి. ఆరు నెలలు తిరిగేసరికి ఒంటరిగా పెరిగినవి చాలావరకు మామూలు కోతుల్లా ఆడుకున్నాయి.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది, ఎవరికి చెప్పినా నమ్మలేనట్టు చూసేది, అయోవా కథ. 1930లలో అమెరికాలోని అయోవా రాష్ట్రంలో ఒక అనాథాశ్రమం కిక్కిరిసి ఉండేది. అక్కడ పనిచేసే హెరాల్డ్ స్కీల్స్ అనే సైకాలజిస్ట్ ఇద్దరు ఆడపిల్లల్ని పరీక్షించాడు. ఏడాది దాటినా ఆరేడు నెలల పిల్లల్లా ఉన్నారు, కూర్చుని ఊగడం తప్ప ఏమీ చేయరు. వీళ్లకి బుద్ధిమాంద్యం, ఎవరూ పెంచుకోరు అని తేల్చి, బుద్ధిమాంద్యం ఉన్న స్త్రీలుండే సంస్థకి పంపేశారు. ఆరు నెలల తర్వాత స్కీల్స్ వేరే పని మీద ఆ వార్డుకి వెళ్తే ఇద్దరు చురుకైన పిల్లలు నవ్వుతూ, పరుగులు పెడుతూ కనిపించారు. వాళ్లే వీళ్లు అని పోల్చుకోవడం ఆయనకే కష్టమైంది.

మందులు లేవు, టీచర్లు లేరు. ఆ వార్డులోని ఆడవాళ్లు, మీకేమీ రాదు అని సమాజం పక్కన పెట్టేసిన ఆడవాళ్లు, ఆ పిల్లల్ని చంకనెత్తుకుని తిరిగారు. ఒక్కో పిల్లకి ఒక్కొక్కరు అమ్మలా అయిపోతే మిగతావాళ్లు పిన్నులూ పెద్దమ్మల్లా చుట్టూ చేరారు. ఆ తర్వాత స్కీల్స్ కావాలనే ఇంకొందరిని పంపించాడు, మొత్తం 13 మంది, అందరూ మూడేళ్లలోపు వాళ్లే. వాళ్ల ఐక్యూ సగటున 27 పాయింట్లకు పైగా పెరిగింది. ఆశ్రమంలోనే ఉండిపోయిన 12 మంది పిల్లలకి సగటున 26 తగ్గింది. ఇరవై ఏళ్లకు పైగా గడిచాక అందరినీ వెతికి పట్టుకుని, ఆ ఫలితాలు 1966లో ప్రచురించాడు. ఆ 13 మందిలో ప్రతి ఒక్కరూ తమ కాళ్ల మీద తాము నిలబడి ఉన్నారు. రెండో గుంపులో కొందరు పెద్దయ్యాక కూడా సంస్థల్లోనే ఉన్నారు. చిన్న ప్రయోగమే, ఇప్పటి పద్ధతులతో చూస్తే లోపాలూ ఉన్నాయి. అయినా నేను మాత్రం ఆ పేరు తెలియని ఆడవాళ్లకి రోజూ దణ్ణం పెట్టుకుంటాను.

ఇక రుమేనియా. అక్కడ నియంత చౌసెస్కు జనాభా పెంచాలని 1966లో అబార్షన్లు నిషేధించాడు. పెంచలేని తల్లిదండ్రులు పిల్లల్ని ప్రభుత్వ సంస్థల్లో వదిలేశారు. 1989లో అతని ప్రభుత్వం కూలిపోయేసరికి అలాంటి చోట్ల లక్ష మందికి పైగా పిల్లలున్నారు. తర్వాత వాళ్లని చూడ్డానికి వెళ్లినవాళ్లు చెప్పిన వాటిలో మొదటి మాట, గదుల నిండా పసిపిల్లలున్నా నిశ్శబ్దంగా ఉంది అని.

2000లో చార్లెస్ నెల్సన్, నేథన్ ఫాక్స్, చార్లెస్ జీనా అనే ముగ్గురు పరిశోధకులు బుకారెస్ట్‌లో 136 మంది పిల్లలతో ఒక అధ్యయనం మొదలుపెట్టారు. 6 నుంచి 31 నెలల వయసు. సగం మందికి చీటీ తీసినట్టు పెంపుడు కుటుంబాలు దొరికాయి, మిగతా సగం అప్పటికి సంస్థలోనే ఉన్నారు. వీళ్లతో పోల్చడానికి సొంత ఇళ్లలో పెరుగుతున్న పిల్లల్ని కూడా తీసుకున్నారు. నాలుగున్నరేళ్లకి ఐక్యూ చూస్తే ఇంట్లో పెరిగినవాళ్లకి 109, పెంపుడు కుటుంబాలకి వెళ్లినవాళ్లకి 81, సంస్థలో పెట్టినవాళ్లకి 73. తల మీద తీగలు పెట్టి మెదడు తరంగాలు కొలిచారు, సంస్థలో పెరిగిన పిల్లల మెదడు తన వయసుకి ఉండాల్సిన చురుకుతో పనిచేయడం లేదు. 8 ఏళ్ల వయసులో మళ్లీ కొలిచినప్పుడు మాత్రం, రెండేళ్లు నిండకముందే కుటుంబానికి చేరిన పిల్లల తరంగాలు ఇంట్లో పెరిగిన పిల్లల వాటిలాగే ఉన్నాయి. స్కానింగుల్లో కూడా అంతే, పెంపుడు కుటుంబాలకి వెళ్లినవాళ్లలో కణాల మధ్య వైరింగ్ లాంటి తెల్ల పదార్థం చాలావరకు కోలుకుంది, కణాలుండే బూడిద రంగు పదార్థం మాత్రం కోలుకోలేదు.

రెండేళ్లు. 24 నెలలు. మా పాప వచ్చింది 19కి. ఆ రాత్రి ఆ సంఖ్యని గుండెకి హత్తుకుని పడుకున్నాను.

కొన్నాళ్లకే ఇంకో అధ్యయనం కంటపడింది. రుమేనియా నుంచి బ్రిటన్‌కు దత్తత వెళ్లిన పిల్లల్ని మైకేల్ రట్టర్ బృందం పెద్దయ్యేదాకా గమనించింది. అందులో గీత 24 దగ్గర లేదు, 6 నెలల దగ్గర ఉంది. ఆరు నెలల్లోపు బయటపడ్డవాళ్లు దాదాపు మామూలుగా ఉన్నారు, అంతకు మించి ఉన్నవాళ్లలో శ్రద్ధ నిలవకపోవడం, మనుషుల మధ్య మెలగడం రాకపోవడం పెద్దయ్యాక కూడా కనిపించాయి. 2020లో వాళ్ల మెదడు స్కానింగ్ ఫలితాలు వచ్చాయి. ఇరవై ఏళ్లు మంచి ఇళ్లలో పెరిగిన తర్వాత కూడా మెదడు పరిమాణం సగటున 8.6 శాతం తక్కువ. సంస్థలో గడిపిన ప్రతి అదనపు నెలకీ సుమారు 3 ఘన సెంటీమీటర్లు తక్కువ. నేను కాగితం తీసుకుని 19ని 3తో గుణించాను. 57 అని రాసి, ఆ కాగితం మా ఆయనకి కనపడకుండా బీరువాలో దాచాను.

సగటు లెక్క తీసుకుని ఒక్క పిల్ల తలలో కొలవకూడదని, పైగా ఆ పిల్లలు అనుభవించినంత దారుణం మా పాప చూడలేదని నాకు తెలుసు. తెలిసీ గుణించాను. అదే అధ్యయనంలో ఉన్న ఇంకో రెండు విషయాలు అప్పుడు కళ్లకి ఆనలేదు, తర్వాత ఎన్నిసార్లు చదివానో. చదువు, తెలివితేటల్లో వెనకబడిన పిల్లలు యవ్వనానికి వచ్చేసరికి మామూలు స్థాయికి చేరుకున్నారు. ఆరు నెలలకు మించి ఉన్నవాళ్లలో కూడా ఐదో వంతు మందికి ఏ వయసులోనూ ఏ సమస్యా రాలేదు.

మెదడు లోపల ఏం జరుగుతుందో దగ్గరగా చూసింది ఎలుకల్లోనే. 2012లో మాకినోడన్, కోర్ఫాస్ అనే పరిశోధకులు చిట్టెలుకల్ని తల్లి పాలు మానగానే, అంటే 21వ రోజు నుంచి 35వ రోజు దాకా, ఒంటరిగా ఉంచారు. రెండు వారాలే. తర్వాత మిగతా ఎలుకలతో కలిపేశారు. పెద్దయ్యాక చూస్తే నుదుటి వెనకుండే ప్రీఫ్రంటల్ కార్టెక్స్‌లో మైలిన్ పలచగా ఉంది. మైలిన్ అంటే కరెంటు తీగ మీద ప్లాస్టిక్ తొడుగు లాంటిది, అది సరిగా లేకపోతే సంకేతం మందగిస్తుంది. ఆ ఎలుకలు తోటివాటితో కలవవు, అప్పుడే చూసింది గుర్తుపెట్టుకోలేవు. అదే ఒంటరితనం 35వ రోజు తర్వాత పెడితే ఆ నష్టం లేదు. అయితే 2020లో మోరిషితా బృందం, అలా పెరిగిన ఎలుకల్లో పెద్దయ్యాక సరిగా మేలుకోని ఒక నాడీ దారిని బయటినుంచి ప్రేరేపిస్తే, అవి మళ్లీ తోటి ఎలుకల దగ్గరికి వెళ్లాయని చూపించింది. అంటే దారి చెరిగిపోలేదు, నిద్రపోతోంది.

మా ఇంట్లో ఏం చేశామో చెప్తాను. మొదటి కొన్ని నెలలు పాపని ఎత్తుకోవడం, తినిపించడం, పడుకోబెట్టడం మేమిద్దరమే, ఇంకెవరూ కాదు. దీనికి చుట్టాలు చాలా నొచ్చుకున్నారు. మా అత్తయ్య "నా మనవరాలిని నేను ముట్టుకోకూడదా" అని కళ్లనీళ్లు పెట్టుకున్నారు. కానీ అప్పటికి మా పాప ఎవరి దగ్గరికైనా వెళ్లిపోయేది. పార్కులో ఒకసారి నా చెయ్యి వదిలి, అటు పోతున్న ఒకావిడ చెయ్యి పట్టుకుని వెనక్కి చూడకుండా నడుచుకుంటూ వెళ్లిపోతుంటే ఆవిడ "ఎంత కలుపుగోలు పిల్లో" అని మురిసిపోయింది. నాకు కాళ్లలో వణుకు. ఎవరి చెయ్యైనా ఒకటే అయినప్పుడు పిల్లకి తన మనిషంటూ ఎవరూ లేరన్నమాట. అత్తయ్యకి అర్థమయ్యాక నా కంటే గట్టిగా ఆవిడే అందరినీ ఆపారు.

రాత్రిళ్లు ఏడవకపోయినా వెళ్లేదాన్ని. అలారం పెట్టుకుని లేచి, మేలుకుని ఉంటే పక్కన కూర్చుని వీపు నిమిరేదాన్ని. వేళ్లు ఆడించుకుంటుంటే నా వేళ్లు కూడా పక్కన పెట్టి అలాగే ఆడించేదాన్ని. మొదట్లో నా చెయ్యి తోసేసేది. తర్వాత తోయడం మానేసింది. ఒకరోజు తన వేళ్లు ఆపి, నా వేళ్లకేసి చూసి, మళ్లీ ఆడించి, నేను ఆడిస్తానా లేదా అని ఆగింది.

మూడో నెలలో ఒక రాత్రి ఏడ్చింది. పెద్దగా, గుక్క పట్టి, తలుపు వైపు చూస్తూ. నేను పరుగెత్తాను, నా వెనక మా ఆయన. ఎత్తుకుంటే మెడ చుట్టూ చేతులేసింది. ముగ్గురం ఏడుస్తూ కూర్చున్నాం. ఆ తర్వాత దాదాపు ఏడాది పాటు రోజూ రాత్రి ఏడ్చింది, గారం చేసి చెడగొడుతున్నారు అని చాలామంది అన్నారు. అననీ అనుకున్నాను.

ఇప్పుడు పాపకి తొమ్మిదేళ్లు దాటాయి. అన్నీ సర్దుకోలేదు. క్లాసులో పది నిమిషాలు కుదురుగా కూర్చోవడం కష్టం, గుంపులో ఆడేటప్పుడు తన వంతు ఎప్పుడో పట్టుకోలేక గొడవ పడుతుంది, నేను చెప్పిన టైముకి రాకపోతే గోళ్లు రక్తం వచ్చేలా కొరుక్కుంటుంది. మాటలకి రెండేళ్లు థెరపీ పట్టింది. బీరువాలో కాగితం ఇంకా ఉంది. దత్తత కోసం వచ్చినవాళ్లకి ఇవన్నీ చెప్పాను, ఆ కాగితం కూడా తీసి చూపించాను. ప్రేమిస్తే అన్నీ పోతాయని చెప్పే ధైర్యం నాకు లేదు, ఆలస్యమైపోయింది అనేవాళ్లతో ఒప్పుకునే ఉద్దేశమూ లేదు. వాళ్లు వెళ్లేటప్పుడు ఏడవని పిల్ల గురించే మళ్లీ మళ్లీ అడిగారు. అలారం పెట్టుకోండి అని చెప్పాను.

మా పాపకి ఇప్పుడు కథల పిచ్చి. వినడం కాదు, చెప్పడం. దీపం ఆర్పాక మొదలుపెడుతుంది, ఏనుగు ఒకటి, దానికి చెల్లెలు చీమ, ఇద్దరూ ఎక్కడికో బయల్దేరతారు, ఎప్పటికీ చేరరు. పగలంతా పనితో అలిసిపోయి నాకు మధ్యలోనే కళ్లు మూతలు పడతాయి. వెంటనే కథ ఆగిపోతుంది. చీకట్లో ఒక చిన్న వేలు వచ్చి నా బుగ్గ మీద పొడుస్తుంది. "అమ్మా, ఊ కొట్టు."